బత్తాయి తోటలో వచ్చిన కొత్త రకం: ఏ వర్గంలో చేర్చాలి, ఏ పేరుతో అమ్మాలి?

ప్రశ్న: దేవరకొండ రైతు

నమస్కారం. మాది నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతం. మా తోటలో ఉన్నవన్నీ రంగపూర్ నిమ్మ వేరుమూలంపై (అంటుకు అడుగున వేరునిచ్చే మొక్క) అంటు కట్టిన సాతుగుడి బత్తాయి చెట్లే. వాటిలో ఒక పాత చెట్టుకు పడమటి వైపున్న కొమ్మ కొన్నేళ్లుగా మిగతా చెట్టుతో పొంతన లేని కాయలు కాస్తోంది. కాయ కొద్దిగా కోలగా, తొక్క పలుచగా ఉంటుంది. అడ్డంగా కోసి చూస్తే గింజ ఒకటో రెండో కనబడుతుంది, కొన్నింటిలో అసలే ఉండదు. అదే చెట్టుకు పక్క కొమ్మల్లో కాసిన కాయల్లో మాత్రం గింజలు పదికి తగ్గవు. అంతకంటే ముఖ్యంగా, మిగతా కాయలు పండి రాలిపోతున్న రోజుల్లో కూడా ఈ కొమ్మ కాయలు తొడిమ వదలకుండా నిలబడుతున్నాయి, లోపల తొనలు ఎండిపోవడం లేదు. ఆ కొమ్మ కళ్లు (అంటు కట్టడానికి వాడే మొగ్గలు) తీయించి కొన్ని మొక్కలు కట్టించాను. అవి ఇప్పుడు కాపుకు వచ్చి, తల్లి కొమ్మ లాంటి కాయలనే ఇస్తున్నాయి.

కిందటి కత్తెర కాపులో (అసలు సీజను కాక మరో విడతగా వచ్చే కాపు) ఈ కాయలను విడిగా పెట్టెల్లో సర్ది మార్కెట్టుకు తీసుకువెళితే, కమీషన్ ఏజెంటు వాటిని బత్తాయి రాశిలోనే పోయించి అదే ధర కట్టాడు. స్టిక్కరు అంటించి 'మాల్టా' అని అమ్ముదామని ఒక కొనుగోలుదారు, 'సీడ్‌లెస్ కమలా' అంటే నగరంలో త్వరగా అమ్ముడుపోతుందని మరొకరు సలహా ఇచ్చారు. మా ఇంట్లో అందరూ 'దేవరకొండ గోల్డ్' అనే పేరు మీద మనసు పడ్డారు.

దీనిని బత్తాయిలోనే ఒక రకంగా చూడాలా, లేక వేరే పండుగా లెక్కించాలా? పేరు పెట్టే అధికారం నాకు ఉంటుందా? ఉంటే ఆ పేరును ఇతరులు వాడుకోకుండా కాపాడుకునే మార్గం ఏది? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు 1: కోడూరు నర్సరీ

రైల్వే కోడూరులో చీనీ, నిమ్మ అంట్లు కట్టే కుటుంబం మాది. మీరు బత్తాయి అనేదాన్నే మేము చీనీ అంటాం. పేరు గురించి ఆలోచించే ముందు మీ దగ్గర ఉన్నది నిజంగా ఒక రకమా, లేక ఒక చెట్టుకు వచ్చిన తాత్కాలిక మార్పా అన్నది తేల్చుకోవాలి.

కన్నులో సహజంగా వచ్చే ఉత్పరివర్తనం వల్ల ఒక కొమ్మ మాత్రమే వేరుగా కాయడం నిమ్మజాతిలో కొత్త విషయం కాదు. సాతుగుడి, మోసంబి, వాలెన్సియా, నేవల్ అన్నీ సిట్రస్ సైనెన్సిస్ అనే ఒకే తీపి నారింజకు చెందినవి. పంపర పనస, కమలా జాతుల కలయిక నుంచి పుట్టిన ఆ పండు తరతరాలుగా అంటు ద్వారానే వ్యాపించింది. అందువల్ల దానిలోని రకాలు చాలావరకు ఇలా కన్నులో వచ్చిన మార్పుల నుంచే పుట్టాయి. బ్రెజిల్‌లోని బాహియా నుంచి 1870లో అమెరికాకు వెళ్లిన నేవల్ నారింజ అక్కడ వాషింగ్టన్ నేవల్‌గా స్థిరపడింది. వెనిజులాలోని కారా కారా అనే తోటలో 1976లో గులాబీ రంగు గుజ్జుతో కనిపించిన నేవల్ ఈనాడు ఆ తోట పేరుతోనే ప్రపంచమంతటా అమ్ముడవుతోంది. ఆ లెక్కన మీ కాయ ఎంత కొత్తగా కనిపించినా వర్గం మారదు. అది తీపి నారింజే, మన వాడుకలో బత్తాయే. వృక్షశాస్త్రజ్ఞులకు కూడా నిమ్మజాతి వర్గీకరణలో ఏకాభిప్రాయం లేదు. స్వింగిల్ 16 జాతులతో సరిపెట్టిన చోట టనాకా నూటయాభైకి పైగా జాతులు లెక్కకట్టాడు. అయితే ఆ తగాదా మీ కొమ్మ దాకా రాదు.

ఇక పరీక్షల సంగతి. మీరు కట్టించిన మొక్కలన్నీ ఒకే రకం వేరుమూలం మీద ఉన్నాయా? జంబేరి నిమ్మ వేరుమూలం మీద కట్టిన చెట్టుకు కాయ పెద్దదిగా, తొక్క మందంగా, తీపి కొంత తక్కువగా వస్తుంది. దాని పక్కన రంగపూర్ మీద కట్టిన చెట్టును పెట్టి పోల్చితే వేరుమూలం తేడానే రకం తేడా అనుకునే ప్రమాదం ఉంది. కాబట్టి మామూలు సాతుగుడి కళ్లను, ఈ కొమ్మ కళ్లను ఒకే వయసు రంగపూర్ మొక్కల మీద కట్టి, ఒకే మడిలో నాటి చూడాలి. ఇప్పుడు కాపుకు వచ్చిన మొక్కల నుంచి మళ్లీ కళ్లు తీసి రెండో తరం కట్టాలి. మారిన కణాలు, మారని కణాలు ఒకే కొమ్మలో పొరలుగా కలిసి ఉంటే, కొన్ని కళ్లు పాత సాతుగుడికే తిరిగిపోతాయి. అలాంటి మొక్కలు రైతుకు చేరితే మీ రకం పేరుతో పాటు మీ పేరు కూడా పోతుంది.

గింజల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. చుట్టూ ఒకే రకం చెట్లు ఉన్నప్పుడు గింజ తక్కువగా ఉండి, పక్కన వేరే నిమ్మజాతి చెట్టు పూసి తేనెటీగలు తిరిగితే గింజలు నిండే రకాలు ఉన్నాయి. పూత సమయంలో కొన్ని మొగ్గలను విచ్చకముందే సన్నని గుడ్డ సంచులతో కట్టివేయండి. విచ్చిన రోజున వాటిలో సగానికి పంపర పనస పుప్పొడిని చేత్తో అద్ది మళ్లీ సంచి కట్టండి. కాయలు పండాక రెండు రకాల కాయల్లోనూ గింజలు లెక్కపెట్టండి. పుప్పొడి అద్దిన కాయల్లో కూడా గింజ రాకపోతేనే 'గింజలేని రకం' అని ధైర్యంగా చెప్పవచ్చు. దీనితో పాటు తల్లి కొమ్మకు ట్రిస్టెజా వైరస్, గ్రీనింగ్ తెగుళ్ల పరీక్ష తప్పనిసరిగా చేయించండి. మీకు దగ్గరలో కొండమల్లేపల్లి ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, మా వైపు తిరుపతి కేంద్రం ఉంది. తెగులు ఉన్న తల్లి నుంచి కళ్లు పంచితే, పేరు ఎంత బాగున్నా రైతులు ఆ పేరును తిట్టుకుంటూనే గుర్తుంచుకుంటారు.

జవాబు 2: మొక్కల హక్కుల న్యాయవాది, హైదరాబాద్

పై సలహాలన్నీ సబబుగా ఉన్నాయి, కాని ఒక్క విషయంలో ఆలస్యం పనికిరాదు. మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం, 2001లోని 15వ సెక్షన్ ప్రకారం కొత్త రకంగా నమోదు కావాలంటే, దరఖాస్తు తేదీకి ఏడాది కంటే ముందు ఆ రకాన్ని మన దేశంలో అమ్మి ఉండకూడదు. ఇక్కడ అమ్మకం అంటే మొక్కల అమ్మకం మాత్రమే అనుకునేవారు ఎక్కువ. చట్టం కోసిన పంటను కూడా అందులో చేర్చింది. మీరు కిందటి కత్తెర కాపులో పెట్టెలు పంపిన రోజు నుంచే ఆ ఏడాది లెక్క మొదలైందని భావించి నడుచుకోవడం క్షేమం. రైతు రకంగా నమోదు కోరితే కొత్తదనం షరతు వర్తించదు, రైతుకు రుసుము మినహాయింపు కూడా ఉంది. అయితే రైతు రకానికి చట్టం ఇచ్చిన నిర్వచనం రైతులు తమ పొలాల్లో సంప్రదాయంగా సాగుచేస్తూ అభివృద్ధి చేసినది అని ఉంది. ఒక కొమ్మ నుంచి ఇటీవల తీసిన రకం ఆ మాటల్లో ఎంతవరకు ఇముడుతుందన్నది దరఖాస్తులో జాగ్రత్తగా రాయవలసిన అంశం. ఏ దారిలో వెళ్లినా ఇతర రకాలతో తేడా, చెట్లన్నింటిలో ఏకరూపత, తరాల స్థిరత్వం చూపించాలి. కోడూరు వారు చెప్పిన రెండో తరం అంట్లు అక్కడే పనికివస్తాయి. చెట్లకు, తీగలకు రక్షణ మొదట 9 ఏళ్లు, పొడిగిస్తే మొత్తం 18 ఏళ్లు.

ఇక పేరు. ఈ విషయంలో రెండు పేర్లను విడివిడిగా చూడాలి. మొదటిది రకానికి చట్టప్రకారం ఇచ్చే నామం. అది ఆ రకాన్ని గుర్తించడానికి ఉద్దేశించినది కనుక దానికి 17వ సెక్షన్‌లో కట్టుబాట్లు ఉన్నాయి. అంకెలు మాత్రమే ఉన్న పేరు చెల్లదు. ఆ రకం గుణాలను గురించి, విలువను గురించి తప్పుదారి పట్టించే పేరు చెల్లదు. అదే జాతిలో గాని దగ్గరి జాతిలో గాని ఇప్పటికే నమోదైన పేరుతో తేడా లేనిది చెల్లదు. మతపరమైన మనోభావాలను గాయపరిచేది, పూర్తిగా గాని కొంతవరకు గాని ఊరి పేరుతో కూడినది కూడా చెల్లదు. ఊరి పేరు వాడటం నిజాయితీగానే జరిగిందని రిజిస్ట్రార్ భావిస్తే అనుమతించే వెసులుబాటు ఉంది. కాని దాని మీద ఆధారపడి దరఖాస్తు వేయడం నేను సమర్థించను. ఆ దృష్టితో చూస్తే 'దేవరకొండ గోల్డ్'లో మొదటి మాటకు ఊరి అభ్యంతరం ఉంది. రెండో మాట బంగారు రంగు కాయ అనే భావన కలిగిస్తుంది. మన వేడికి బత్తాయి తొక్క పూర్తిగా పసుపెక్కదని అందరికీ తెలిసినదే కనుక అక్కడ కూడా ప్రశ్న రావచ్చు. పేరులోనే 'సీడ్‌లెస్' చేరిస్తే, గింజ పరీక్ష నెగ్గేవరకు అది మరింత ప్రమాదకరం.

రెండోది మార్కెట్టులో మీరు వాడే వ్యాపార చిహ్నం. తాజా పండ్లకు అది 31వ తరగతిలో నమోదవుతుంది, సకాలంలో పునరుద్ధరిస్తూ ఉంటే ఎన్నాళ్లయినా మీదే. ఒకే మాటను రెండు చోట్లా పెట్టవద్దు. రకానికి పెట్టిన నామాన్ని ఆ రకం మొక్క అమ్మే ప్రతివారూ వాడవలసి ఉంటుంది. 18 ఏళ్లు గడిచాక రకం అందరిదీ అవుతుంది, దానితో పాటు ఆ మాట కూడా అందరిదీ అవుతుంది. మీ ఇంటివారికి ఇష్టమైన మాటను చిహ్నం కోసం దాచిపెట్టి, రకానికి పొట్టిగా, ఏ అర్థమూ అంటని పేరు ఒకటి పెట్టండి.

భౌగోళిక గుర్తింపు గురించి ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. నాగపూర్ నారింజ, కూర్గ్ నారింజ, జాల్నా మోసంబి ఒక ప్రాంతపు సాగుదారులందరికీ చెందిన గుర్తింపులు. ఒక తోటలో పుట్టిన కొత్త రకానికి ఆ దారి లేదు.

'మాల్టా', 'కమలా' అనే స్టిక్కర్లను అసలే దగ్గరికి రానీయకండి. అది వినియోగదారుల చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది, రేపు మీ దరఖాస్తును వ్యతిరేకించేవారికి సాక్ష్యంగానూ పనికివస్తుంది.

జవాబు 3: ఫ్రెస్నో తెలుగువాడు

నేను కాలిఫోర్నియా మధ్యలోయలో నిమ్మజాతి పండ్ల ప్యాకింగ్ రంగంలో పనిచేస్తున్నాను. న్యాయవాది గారు చెప్పిన రెండు పేర్ల విభజనకు ఇక్కడ కళ్లముందు కనబడే ఉదాహరణలు ఉన్నాయి.

జపాన్‌లోని నాగసాకి ప్రాంతంలో 1972లో రెండు నిమ్మజాతి రకాలైన కియోమీ, పోంకాన్‌లను సంకరపరిచి ఒక చెట్టును తయారుచేశారు. తొడిమ దగ్గర బుడిపె ఉండే ఆ పెద్ద పండు రకం పేరు షిరనుయి. 'దెకొపోన్' అనేది మాత్రం కుమమోతో పండ్ల రైతుల సహకార సమాఖ్య చేతిలో ఉన్న చిహ్నం. రసంలోని తీపిని కొలిచే బ్రిక్స్ 13కు తగ్గకుండా, పులుపు ఒక శాతానికి మించకుండా ఉన్న పండుకే ఆ పేరు దక్కుతుంది. అదే చెట్టు నుంచి కోసినా ఆ కొలత అందుకోని పండు షిరనుయిగానే అమ్ముడుపోవాలి. అదే రకాన్ని దక్షిణ కొరియాలో జెజు ద్వీపపు హల్లా పర్వతం పేరు మీద హల్లబోంగ్ అన్నారు, అమెరికాలో 2011 నుంచి 'సుమో'గా అమ్ముతున్నారు. చెట్టు ఒకటే అయినా ఒక్కో దేశంలో వ్యాపారి ఒక్కో పేరు నిలబెట్టుకున్నాడు. వీటిలో నాకు అన్నిటికంటే తెలివైనదిగా తోచేది జపాన్ పద్ధతి. అక్కడ పేరు కొన్నవాడికి రుచి గురించి కూడా ఒక హామీ దొరుకుతుంది.

దీనికి పూర్తిగా విరుద్ధమైన పద్ధతి కూడా ఉంది. 'క్యూటీస్' పేరుతో వచ్చే సంచిలో చలికాలం మొదట్లో క్లెమెంటైన్ అనే చిన్న కమలాలు ఉంటాయి, జనవరి దాటాక డబ్ల్యూ. మర్కాట్ లేదా టాంగో అనే వేరే కమలా రకాలు ఉంటాయి. కొనే తల్లిదండ్రులకు ఆ తేడా తెలియనే తెలియదు, తెలియవలసిన అవసరం ఉందని వ్యాపారి భావించడు. తొక్క సులువుగా వలవాలి, గింజ ఉండకూడదు, పిల్లవాడి చేతిలో ఇమడాలి అన్నవే ఆ పేరు చేసే వాగ్దానాలు. డబ్ల్యూ. మర్కాట్ అనే చెట్టుకే మొరాకోలో నాడోర్‌కాట్ అని, అఫూరెర్ అని పేర్లున్నాయి. తేనెటీగలు తిరిగే చోట దానికి గింజలు పడతాయి కాబట్టి ఇక్కడి రైతులు పూత రోజుల్లో చెట్లకు వలలు కప్పుతారు. ఆ బెడద తప్పించడానికే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రివర్‌సైడ్ శాస్త్రజ్ఞులు దాని కళ్లను వికిరణానికి గురిచేసి టాంగోను రూపొందించి 2006లో విడుదల చేశారు. కోడూరు వారు చెప్పిన గుడ్డ సంచుల పరీక్ష విలువ ఇక్కడ డాలర్లలో తెలుస్తుంది.

వర్గీకరణ గురించి మాత్రం కోడూరు వారి మాటకు కొంత చేర్చాలి. మీది కన్నులో వచ్చిన మార్పే కనుక సమస్య లేదు, కాని సంకరాల విషయంలో అది చట్టసభల దాకా కాకపోయినా ప్రభుత్వ నియమావళి దాకా వెళుతుంది. అమెరికాలో నారింజ రసం అని ముద్రించాలంటే అది సిట్రస్ సైనెన్సిస్ రసం అయి ఉండాలి. అమెరికా వ్యవసాయ శాఖ 1989లో ఆంబర్‌స్వీట్ అనే సంకరాన్ని విడుదల చేసింది. దానిలో సగం తీపి నారింజ, ఎనిమిదింట మూడు వంతులు కమలా, ఎనిమిదో వంతు గ్రేప్‌ఫ్రూట్ ఉన్నాయి. దాని రసాన్ని నారింజ రసంగా అంగీకరించడానికి ఆహార నియమావళిలో ఆంబర్‌స్వీట్ పేరును, దాని వంశావళి భిన్నాలతో సహా, ప్రత్యేకంగా రాయవలసివచ్చింది. ఎగుమతిలోనూ ఇదే తంతు. కస్టమ్స్ పట్టికలో నారింజలు 0805 10 కింద, కమలాలు 0805 21 కింద, క్లెమెంటైన్లు 0805 22 కింద వస్తాయి. బత్తాయిని కమలా అని స్టిక్కరు వేసి పంపితే ఓడరేవులోనే కాగితాలకు, పెట్టెకు పొంతన కుదరదు.

జవాబు 4: బాటసింగారం వ్యాపారి

అందరూ చదువుకున్న మాటలు చెప్పారు. మార్కెట్టులో మేము వర్గీకరించే తీరు వేరు. చేత్తో వలిచి తినేది కమలా, కత్తితో కోసి పిండేది బత్తాయి. కిన్నో కాలిఫోర్నియాలో కింగ్, విల్లో లీఫ్ అనే రెండు రకాల కలయికతో పుట్టి పంజాబ్ మీదుగా మన దగ్గరికి వచ్చినా, చేత్తో వలవగలం కాబట్టి హైదరాబాద్ వీధుల్లో అది కమలాగానే చలామణీ అవుతోంది. మీ కాయకు తొక్క పలుచన అన్నారు. పలుచని తొక్క గుజ్జును గట్టిగా పట్టుకుని ఉంటే అది వలిచే పండు కాదు, కాబట్టి కొనేవాడు దానిని బత్తాయి అనే అంటాడు, మీరు ఏ పేరు అచ్చువేయించినా సరే.

అందువల్ల మీరు బత్తాయి అనే మాటను వదులుకోకుండా, దానికి ముందు మీ చిహ్నాన్ని చేర్చండి. మీ కాయకు అసలైన గిరాకీ రసం బండ్ల వద్ద, జ్యూస్ సెంటర్ల వద్ద ఉంది. గింజ నలిగితే రసం చేదెక్కుతుంది, పిండి కాసేపు ఉంచినా చేదు పెరుగుతుంది. గింజ లేని కాయను వాళ్లు నోటితో రుచి చూసే కొంటారు, స్టిక్కరు చదివి కొనరు. చెట్టు మీద ఎక్కువ రోజులు నిలవడం దీనికంటే పెద్ద సుగుణం. మిగతా తోటల కాయ అయిపోయి ధర లేచే వారాల్లో మీ కాయ రావాలి. అప్పుడు కమీషన్ ఏజెంటు రాశిలో కలపమన్నా మీరు కలపనక్కరలేదు.

అయితే ఒక తోట కాయతో పేరు నిలబడదు. ఈ వారం వచ్చి వచ్చే వారం రాని పేరును మా దుకాణాల్లో ఎవరూ గుర్తుపెట్టుకోరు. జపాన్ వారి కొలత గురించి చదివి సంతోషించాను, కాని అక్కడ ఆ కొలత వెనుక సహకార సమాఖ్య ఉంది. మీ చుట్టుపక్కల రైతు ఉత్పత్తిదారుల సంఘం ఉంటే దాని పేరు మీద చిహ్నం నమోదు చేయించి, ఏ బ్రిక్స్‌కు తక్కువైతే ఆ పెట్టె మీద చిహ్నం పడకూడదో ముందే రాసుకోండి. లేకపోతే మొదటి ఏడాది మంచి కాయతో సంపాదించిన పేరును రెండో ఏడాది పచ్చికాయ కోసి మీ సభ్యులే పోగొడతారు. 'సూట్' అంటూ తరుగు పేరుతో టన్నుకు కొంత తూకం కోత పెట్టే పద్ధతిని పెట్టెల అమ్మకంలో ఎవరూ అడగకుండా ముందే మాట్లాడుకోండి.

దేవరకొండ రైతు

అందరికీ ధన్యవాదాలు. వర్గం విషయంలో సందేహం తీరింది, ఇది బత్తాయే. కత్తెర కాపు అమ్మకం జరిగి ఇంకా ఏడాది కాలేదు. పక్క తోటల వారు కళ్లు అడుగుతున్నారు, మా బంధువులే కనుక కాదనలేకపోతున్నాను. దరఖాస్తుకు ముందు వారికి కళ్లు ఇవ్వవచ్చా? రెండో తరం అంట్లు కాపుకు రావాలంటే మరికొన్నేళ్లు పడుతుంది, అప్పటిదాకా ఆగి దరఖాస్తు వేస్తే ఏడాది గడువు దాటిపోతుంది కదా?

మొక్కల హక్కుల న్యాయవాది, హైదరాబాద్

మీరు అడిగిన రెండో ప్రశ్నే అసలైన ఇరకాటం. కొత్త రకంగా నమోదు కోరదలిస్తే ఏడాది లోపలే దరఖాస్తు వేయాలి. స్థిరత్వానికి ఆధారంగా ఇప్పుడు కాస్తున్న మొదటి తరం చెట్ల వివరాలు ఇచ్చి, రెండో తరం అంట్లను ఈ కాలంలోనే మొదలుపెట్టండి. అమ్మకం తేదీ తెలిపే మార్కెట్టు చీటీ, కొమ్మ ఫోటోలు, అంటు కట్టించిన తేదీలు ఒక దస్త్రంలో ఉంచండి. సాతుగుడి పాతకాలపు రకమే అయినా, మీ తల్లి చెట్టు ఏదైనా సంస్థ విడుదల చేసి నమోదు చేయించుకున్న ఎంపిక రకం అయితే, దాని నుంచి పుట్టినది 'ప్రధానంగా ఉత్పన్నమైన రకం' కిందికి వచ్చి వారి అనుమతి అవసరం అవుతుంది. కాబట్టి మొక్కలు ఎక్కడ కొన్నారో రసీదు ఉంటే వెతకండి. బంధువులకు కళ్లు ఇవ్వదలిస్తే, అవి పరీక్ష కోసమేనని, మొక్కలను గాని కాయలను గాని అమ్మబోమని ఒక కాగితం మీద సంతకం తీసుకున్నాకే ఇవ్వండి. బంధుత్వం ఉన్నచోట కాగితం అడగడం ఇబ్బందే, కాని నమోదు తగాదాలు ఎక్కువగా పుట్టేది అక్కడే.

కోడూరు నర్సరీ

కళ్లు ఇచ్చేటప్పుడు పేరుతో ఇవ్వకండి, సంఖ్యతో ఇవ్వండి. ఫ్రెస్నో వారు చెప్పిన ఆంబర్‌స్వీట్ కూడా విడుదలయ్యేదాకా 1-100-29 అనే ఎంపిక సంఖ్యతోనే తిరిగింది. ప్రతి మొక్కకూ అల్యూమినియం రేకు మీద సంఖ్య, తల్లి కొమ్మ గుర్తు, వేరుమూలం, కట్టిన నెల చెక్కించి తీగతో కట్టండి. తీగ కాండానికి కాకుండా పక్క కర్రకు కట్టాలి, లేదంటే రెండేళ్లలో బెరడులోకి దిగిపోతుంది.